కొత్త బోరుకు పోసే మొదటి ఆయిల్

ఇది రాసేసరికి నాకు అరవై రెండేళ్లు వచ్చాయి. యాభై ఏడో ఏటి దాకా నాకు అక్షరాలు రావు. వచ్చాక మరో అయిదేళ్లు, రాయవలసిన సంగతికి భయపడి తక్కినవన్నీ రాశాను. సరుకుల చీటీలు రాశాను. గ్యాసు బండ ఎప్పుడు మార్చానో క్యాలెండరు మీద రాశాను. మా చెల్లెలి కూతురి పెళ్లికి శుభలేఖల మీద పేర్లు రాశాను. ఈ ఒక్కటి రాద్దామని కూర్చుంటే మాత్రం పెన్ను మూత పెట్టి లేచిపోయేదాన్ని.

నాకు చదువు చెప్పింది మా వీధి అంగన్‌వాడీ టీచరు పద్మ. పిల్లలను ఇళ్లకు పంపాక మధ్యాహ్నం పూట మమ్మల్ని నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టుకునేది. మొదటి రోజు నా చేతికి పలక ఇచ్చి, "మస్తానత్తా, నువ్వు చూస్తానే గుర్తుపట్టే మాటలు ఏమన్నా ఉండాయా?" అని అడిగింది.

"మాటలు ల్యా. బస్సులైతే గుర్తుపడతా," అన్నాను.

ముప్పై ఏళ్లు ఇంజన్ సామాన్లు గోనెసంచిలో వేసుకుని పెనుకొండ నుంచి హిందూపురానికి, ధర్మవరానికి తిరిగినదాన్ని. డ్రైవరు మొహం చూసి, బస్సు నిలబడే చోటు చూసి ఎక్కేదాన్ని. డ్రైవరు మారిన రోజున పక్కనున్నవాళ్లను అడిగేదాన్ని. పద్మ ఆ మూడు ఊళ్ల పేర్లే ముందు నేర్పింది. అందరికీ అ, ఆలతో మొదలైన చదువు నాకు పెనుకొండతో మొదలైంది.

పద్మ చెల్లెలు ఐటీఐలో డీజిల్ మెకానిక్ పిల్లలకు పాఠాలు చెబుతుంది. కొత్తగా కట్టిన లారీ ఇంజన్‌కు ఏ ఆయిల్ పోయాలో నాకు తెలిసింది రాసిస్తే క్లాసులో చదివి వినిపిస్తానంది. ఇప్పుడు ఆ క్లాసులో ఆడపిల్లలు కూడా ఉన్నారట. వాళ్ల కోసం రాస్తున్నాను. నాకు తెలిసింది రాయాలంటే నేను చేసిన తప్పు కూడా రాయాలి. అది లేకుండా రాస్తే డబ్బా మీది రాతకూ నా రాతకూ తేడా ఉండదు.

షెడ్డులో నా పని

మా ఆయన ఖాసిం మేస్త్రి. పెనుకొండలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు మాది. లారీ ఇంజన్లు విప్పి కట్టడం ఆయన పని. ఇంజన్ లోపల పిస్టన్లు, అవి ఆడే గొట్టాలు అంటే లైనర్లు అరిగిపోయి, లారీ పొగ కక్కుతూ ఎత్తు ఎక్కలేకపోతే 'బోరుకొచ్చింది' అంటారు. దాన్ని నట్టు నట్టూ విప్పి, అరిగినవి మార్చి తిరిగి కడితే అది 'కొత్త బోరు'. కొత్త బోరు కట్టే మేస్త్రికి మా వైపు డాక్టరుకున్న మర్యాద ఉండేది.

పెళ్లయిన కొత్తలో నేను షెడ్డుకు అన్నం క్యారియర్ తీసుకుపోయేదాన్ని. ఒకరోజు పనివాడు రాలేదు. మా ఆయన నా చేతికి ఒక బ్రష్షు ఇచ్చి, డీజిల్ పోసిన తట్ట ముందుకు జరిపి, "మే, ఈ బోల్టులు కడుగు. నేను యా వరసలో పెట్టినానో ఆ వరసలోనే మళ్లా పెట్టల్ల," అన్నాడు. కడిగాను. వరస తప్పలేదు. ఆయన రెండుసార్లు చూసుకుని బిగించడం మొదలుపెట్టాడు. మర్నాటి నుంచి క్యారియర్‌లో ఇద్దరికి అన్నం పెట్టుకుని పొద్దున్నే పోయాను.

తర్వాత లైనర్లుండే ఇంజన్ దిమ్మెను, అంటే బ్లాకును హిందూపురం తీసుకుపోయి లేతు పని చేయించుకు రావడం, ధర్మవరం అంగడి నుంచి ఆయిల్ తేవడం నా వంతుకు వచ్చాయి. చివరికి ఆయిల్ పని పూర్తిగా నాదే అయింది. అక్షరాలు రావు గనుక డబ్బాలను మూత రంగుతో, పిడి వంపుతో గుర్తుపెట్టుకున్నాను. అంగడిలో "ఆ ఎర్ర మూతది ఈయన్నా" అంటే ఇచ్చేవాళ్లు. కంపెనీ వాళ్లు డబ్బా మార్చిన ప్రతిసారీ నాకు ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆయిల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, "ఇది చిక్కనిది, ఇది పల్చనిది" అని డ్రైవర్ల ముందు చెప్పేదాన్ని. వాళ్లు ఔరా అనుకునేవాళ్లు. ఇప్పుడు నిజం చెబుతాను. వేళ్లకు తెలిసేది ఆ రోజు ఎండ ఎంత ఉందన్నదే. ఏప్రిల్ నెలలో చిక్కటి ఆయిల్ కూడా పల్చగానే తగులుతుంది. డబ్బా మీద రాసి ఉన్న నంబరు చూడండి. చదవను వచ్చి కూడా వేళ్లను నమ్మేవాడు పని నేర్చుకోవడానికి బద్ధకించేవాడు.

రుద్రప్ప చూపించిన గీతలు

హిందూపురంలో లేతు యజమాని రుద్రప్ప. తెల్ల పంచె కట్టుకుని, దాని మీద ఒక్క మరక లేకుండా లేతు పని చేసే మనిషిని ఆయన తర్వాత నేను చూడలేదు. మొదటిసారి బ్లాకును ఆటోలో నుంచి దింపించి నిలబడితే, నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఖాసింకు మొగోళ్లు దొరకల్యా?"

"దొరికినారు సామీ. బ్లాకు యాడా కింద పడెయ్యకుండా తెచ్చేవాళ్లు దొరకల్యా," అన్నాను.

ఆయన నవ్వలేదు. కానీ కాలితో ఒక స్టూలు నా వైపు జరిపాడు.

పనయ్యాక నన్ను పిలిచి, "చెయ్యి కడుక్కోని రా. ఈ లైనరు లోపల వేలు పెట్టు. నున్నగా ఉండాదా?" అన్నాడు.

"ల్యా. సన్నగా గీసినట్లుండాది."

"గీసిందే అది. ఒకదాన్నొకటి కోసుకునేటట్ల అడ్డంగా గీస్తాం. ఆయిల్ నిలబడేది ఈ గీతల్లోనే. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఈ గీతల మీద కొంచెం కొంచెం అరుక్కుంటా పొయ్యి లైనరుకు అతుక్కుంటాయి. మొదట్లోనే బాగా జారే ఆయిల్ పోస్తే రింగు జారిపోతాది గానీ అరగదు. అరగంది అతకదు."

"గంట్లు పెట్టించిన రోలు మాదిరి," అన్నాను.

ఆయన లేతు ఆపి నా వైపు తిరిగాడు. చెప్పాను. రోలుకు కొత్తగా గంట్లు పెట్టించినప్పుడు మేము వెంటనే పిండి రుబ్బం. ముందు తవుడు వేసి రుబ్బి పారబోస్తాం. మళ్లీ ఒకసారి వేసి పారబోస్తాం. రాతిపొడి పోయి, రోలూ పొత్రమూ ఒకదానికొకటి కుదిరాకే పప్పు వేస్తాం. తవుడు బదులు మొదటే నూనె పోసి రుద్దితే రోలు ఎప్పటికీ కుదరదు.

"అంతే. ఆ తవుడే మొదటి ఆయిల్," అన్నాడు రుద్రప్ప. "తవుడు పారేసినట్లే దాన్నీ తొందరగా పారెయ్యల్ల. మీ మేస్త్రికి కూడా ఇట్లే చెప్పు."

మా మేస్త్రికి అది ఎప్పుడో తెలుసు. కానీ నేను రోలు సంగతి చెప్పినప్పటి నుంచి లారీ ఓనర్లకు అలాగే చెప్పేవాడు. రుద్రప్ప మాత్రం చనిపోయేదాకా మా షెడ్డుకు ఫోను చేస్తే, "ఆ రోలమ్మను పంపు" అనేవాడు. ఒక పని గురించి నాకు తెలుసని ఇంకో మనిషి ఒప్పుకున్న మొదటి మాట అది. ఇప్పటికీ ఎవరైనా అలా పిలిస్తే బాగుండుననిపిస్తుంది.

ఏది పోయాలి

కొత్త బోరుకు మామూలు మినరల్ ఆయిల్ పోయండి. మా ఎండలకు లారీలకు పదిహేను-నలభై నంబరుది సరిపోయేది. మీ ఇంజన్ పుస్తకంలో ఇంకోటి రాసి ఉంటే అదే పోయండి. సింథటిక్ అని రాసినది మొదట్లో వద్దు. అది చెడ్డదని కాదు, కుదురుకున్న ఇంజన్‌కు దానంత మంచిది లేదు. బలం పెంచుతుందని చెప్పి అమ్మే చిన్న సీసాలు కూడా అందులో కలపకండి.

పోసేముందు కొత్త ఫిల్టరును ఆయిల్‌తో నింపి బిగించండి. బేరింగులకు ఆయిల్ రాసే కట్టండి. డీజిల్ రాకుండా ఆపి, ఆయిల్ గేజి ముల్లు లేచేదాకా సెల్ఫుతో తిప్పండి. ఆ ముల్లు లేవకుండా స్టార్టు చేసినవాణ్ణి మా ఆయన షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు. స్టార్టయ్యాక చప్పుడు ముద్దుగా ఉందని గంటలకొద్దీ నిలబెట్టి ఆడించకండి. నిలబడి ఆడితే రింగు కుదరదు. రోడ్డెక్కించండి. మరీ బరువు వద్దు, మరీ ఖాళీ వద్దు. మా ఆయన సోమందేపల్లి దాకా పోయి వచ్చేవాడు. వచ్చాక ఆయన మొహం చూస్తే బండి ఎలా ఉందో నాకు తెలిసేది. మొదటి ఆయిల్‌ను వెయ్యి కిలోమీటర్ల లోపే దింపేయండి. దింపిన ఆయిల్‌ను ఎండలో పెట్టి చూడండి. సన్నటి మెరుపు ఉంటుంది. అది రోలులోని రాతిపొడి లాంటిదే, భయపడకండి. ఇనుప పెచ్చులు కనిపిస్తే మాత్రం భయపడండి.

ఇంతే. పుస్తకంలో దొరికేది ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. పుస్తకంలో దొరకనిది ఇక ముందు రాస్తాను.

పోసే చెయ్యి

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. కొత్త బోరుకు మొదటి ఆయిల్ ఆ లారీ ఇంటి ఆడమనిషి పోయాలి. భార్యో, తల్లో, అక్కో. పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి పోసేవాళ్లు. తురకోళ్ల షెడ్డులో ఇదేం పద్ధతని కొందరు నవ్వేవాళ్లు. పెట్టింది మా ఆయనే.

ఎందుకని ఒకసారి అడిగాను. "డ్రైవరుకు చెప్తే ఈ చెవిలో ఇని ఆ చెవిలో వదులుతాడు. నిదానంగా తోలు, వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ మార్చు అని ఆయమ్మకు చెప్పు. సొంత చేత్తో పోసినాక ఆయమ్మ మర్చిపోదు. వాణ్ణి మర్చిపోనీదు," అన్నాడు.

అది నిజం. లారీ ఇంటికి వచ్చీ రాగానే "ఆయిల్ మార్పిస్తివా?" అని అడిగిన భార్యలు ఎంతమందో. ఆడవాళ్లకు ఆయిల్ పోయించి ఈ నాలుగు మాటలు చెప్పడం నా పని. ఆ పని అంటే నాకు ప్రాణం.

బంగారు రంగు డబ్బాలు

రొద్దం నరసింహులుకు ఉన్నది ఒక్క లారీ. హిందూపురం మార్కెట్టు నుంచి మద్రాసుకు చింతపండు తోలేవాడు. చింతపండు రోజులు మొదలయ్యే ముందు ఇంజన్ బోరుకొచ్చింది. మా ఆయన పదకొండు రోజులు కూర్చుని కట్టాడు. ఆయిల్ పోసే రోజు పొద్దున ఇంకో బ్లాకు పని మీద హిందూపురం పోతూ, "ఎర్ర మూతది పోయించు. మధ్యాన్నానికి వచ్చి స్టార్టు చేస్తా," అని చెప్పి పోయాడు.

నరసింహులు భార్య లక్ష్మీదేవి, అత్తతో కలిసి వచ్చింది. లక్ష్మీదేవి పదో తరగతి దాకా చదివిన పిల్ల. సంచిలోంచి మూడు డబ్బాలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. బంగారు రంగు డబ్బాలు. ఎండ పడి షెడ్డంతా మెరిసింది.

"మా తమ్ముడు పంపినాడక్కా, బెంగుళూరు నుంచి. ఆడ పెద్ద పెద్ద కార్లకు ఇదే పోస్తారంట," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మా అత్త ఎప్పుడూ అంటాది, నీ పుట్టింటోళ్లు చెంచా కూడా పెట్టల్యా అని. ఈ పొద్దు లారీకి మావాళ్లదే మొదటి ఆయిల్," అంది.

"లక్ష్మీ, మేస్త్రి మామూలు ఆయిల్ పొయ్యమన్యాడు. ఇది దాచిపెట్టు. ఇంజన్ కుదురుకున్యాక నాలుగు నెల్లకు పోసుకుందువు."

"నాలుగు నెల్లకు పోస్తే మొదటిదెట్లయితాదక్కా?"

వాళ్లత్త గడప దగ్గర కూర్చుని ఉంది. "ఏమంటాండాది మేస్త్రి పెండ్లాం? పనికిరాదంటాండాదా మీవాళ్లు పంపింది?" అని అక్కడి నుంచే అడిగింది. టీ తాగి వచ్చిన డ్రైవర్లు ముగ్గురు నవ్వారు.

లక్ష్మీదేవి మొహం ఎర్రబడింది. ఒక డబ్బా తీసి నా కళ్ల ముందు పట్టుకుంది. "చూడక్కా, డీజిల్ ఇంజన్లకు కూడా పనికొస్తాదని ఈడ రాసినారు. ఇదో, ఈ వరస. నువ్వే చదువు."

ఆ పిల్ల నన్ను అవమానించాలని అనలేదు. నాకు చదవను రాదని ఆమెకు తెలియదు. ఇన్ని ఇంజన్లకు ఆయిల్ పోయించే మనిషికి చదవను రాదని ఎవరు అనుకుంటారు? చదివేవాళ్లు కళ్లు ఎలా తిప్పుతారో అలా ఎడమ నుంచి కుడికి తిప్పాను. డ్రైవర్లు చూస్తున్నారు.

"ఊ, రాసినారు," అన్నాను.

డబ్బా మీద రాసింది అబద్ధం కాదు. కానీ ఆ డబ్బాకు మా లైనరులో కొత్తగా గీసిన గీతల సంగతి తెలియదు. అది నాకు తెలుసు. నా వేలితో తడిమి చూశాను. చదవను రాదని చెప్పడానికి సిగ్గుపడి, తెలిసినది చెప్పడం మానేశాను. 'చదవను రాదు లక్ష్మీ, కానీ ఈ సంగతి నాకు తెలుసు' అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాటలో మొదటి సగం నోటికి రాక రెండో సగం కూడా పోయింది. మీలో చాలామందికి దీనికి తిరగబడిన కష్టం వస్తుంది. మీకు చదవను వస్తుంది, వేలు పెట్టి చూసిన మనిషి ఎదురుగా ఉంటుంది. ఆ మనిషిని అడగండి. అడిగి, సమాధానం వచ్చేదాకా ఆగండి.

లక్ష్మీదేవి పసుపు రాసి, మూడు డబ్బాలూ తన చేత్తో పోసింది. ఒక్క చుక్క బయట పడలేదు. వాళ్లత్త లేచి వచ్చి నిమ్మకాయ కోసింది. ఖాళీ డబ్బాలను విత్తనాలకు పనికొస్తాయని లక్ష్మీదేవి సంచిలో వేసుకుంది. ఎర్ర మూత డబ్బాలను నేను బల్ల కిందికి తోశాను.

మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. "ఎర్ర మూతదే కదా?" అని అడిగాడు.

"ఊ."

ఒక్క పూటలో రెండు ఊ-లు.

ఆయన ముల్లు లేచేదాకా తిప్పి, స్టార్టు చేశాడు. మొదట ఒక దగ్గు, తర్వాత ఇంకో దగ్గు, ఆ తర్వాత ఆరు సిలిండర్లూ కలిసి ఒకే గొంతుతో అందుకున్నాయి. ఆయన కళ్లు మూసుకుని బానెట్టు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఎప్పుడూ అలాగే నిలబడేవాడు. ఆయన కట్టిన కొత్త బోర్లలో ఊరివాళ్లు లెక్కలో పెట్టుకున్న చివరిది అదేనని ఆ క్షణంలో మా ఇద్దరికీ తెలియదు.

లైనరులో అద్దం

నెల దాటకముందే నరసింహులు వచ్చాడు. వెనక నీలం పొగ. "మేస్త్రీ, ఇది డీజిల్‌తో పాటు ఆయిల్ కూడా తాగుతాండాది. ఘాట్లో నిలబడిపొయ్యింది. చింతపండంతా వేరే లారీకి ఎత్తించి పంపిస్తి. రేపట్నుంచి నాకు లోడు ఎవరిస్తారు?" అన్నాడు. మా షెడ్డుకు ఎదురుగా టీ అంగడిలో పదిమంది డ్రైవర్ల మధ్య నిలబడి, "ఖాసిం చెయ్యి పొయ్యిందప్పా" అని కూడా అన్నాడు. ఆ మాట రోడ్డు దాటి మా దాకా వినబడింది. మా ఆయన స్పానరు కింద పెట్టకుండా పని చేసుకుంటూనే ఉన్నాడు.

ఇంజన్ విప్పాడు. పైనుండే హెడ్డు దింపి లైనరు లోపల వేలు పెట్టి చూశాడు. తర్వాత, "మే, ఇట్ల రా," అన్నాడు.

లైనరులో గీతలు అలాగే ఉన్నాయి, కానీ వాటి మీద ఒక పొర పట్టింది. అద్దంలా నున్నగా ఉంది. నా ముక్కుపుడక అందులో మెరిసింది. రింగులు అతకలేదు, జారిపోయాయి. రుద్రప్ప చెప్పింది చెప్పినట్లే జరిగింది.

"రింగులు నేను సరిగ్గానే వేసినా. ఏం పోస్తివి?"

చెప్పాను. డబ్బాల సంగతి, డ్రైవర్లు నవ్విన సంగతి, కళ్లు తిప్పిన సంగతి, రెండు అబద్ధాలు. ఆయన డీజిల్‌తో చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకుని బయటికి పోయాడు.

"నరసింహులూ, తప్పు నాదే. రింగుల గ్యాపు సరిగా చూసుకోల్యా. మళ్లా నేనే కట్టిస్తా. వారం ఓర్చుకో," అన్నాడు.

లోపలికి వచ్చాక ఆయన చొక్కా పట్టుకున్నాను. "ఏమిటికి అట్ల చెప్తివి?"

"ఆయిల్ అంటే ఆయమ్మను వాళ్లత్త నిలవనిస్తాదా? పుట్టింటోళ్లు ఇంజన్ ముంచినారని సచ్చేదాకా అంటాది."

"నా తప్పని చెప్పు మల్ల."

"అప్పుడూ ఏ ఆయిలని అడుగుతారు. తిరిగి తిరిగి ఆడికే వస్తాది." స్పానరు చేతిలోకి తీసుకుని, "వాడు అన్యది చెయ్యి పొయ్యిందనే కదా. పోనీలే. రెండుండాయి," అని నవ్వాడు. "నువ్వు కూడా ఎవరికీ చెప్పొద్దు. ఆయమ్మ అత్త ఉండేంతవరకు చెప్పొద్దు."

రెండోసారి ఎర్ర మూత ఆయిలే పోశాం. ఆ లారీ చాలా ఏళ్లు నడిచింది. కానీ మొదటిసారి పాడైన సంగతి నడిచినంత దూరం రెండోసారి బాగైన సంగతి నడవలేదు. కొత్త బోర్లు ధర్మవరం షెడ్లకు పోవడం మొదలుపెట్టాయి. మాకు బ్రేకులు, క్లచ్చులు మిగిలాయి.

వినబడే చప్పుళ్లు

పని తగ్గాక ఆయన సాయంత్రాలు షెడ్డు ముందు మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. రోడ్డు మీద లారీలు పోతుంటే తల ఎత్తకుండానే చెప్పేవాడు. "ఇది ఇంకా ఆర్నెల్లు పోతాది." "దీనికి మూడో సిలిండరు కొట్టుకుంటాండాది." ఎప్పుడైనా ఒకటి నిండుగా, నిదానంగా పోతే, "మే, కొత్త బోరు," అనేవాడు. చేతిలో పని వదిలేసి నేను కూడా బయటికి వచ్చేదాన్ని. అది కనుమరుగయ్యేదాకా ఇద్దరం వినేవాళ్లం. ఎవరు కట్టారో అని ఆయన ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు.

ఒకసారి మాత్రం, "ఇంగొక్కటి కట్టి పోవల్ల మే," అన్నాడు. అది రాలేదు. ఆయన పోయి ఆరేళ్లయింది. పిస్టన్ తొడిగేటప్పుడు రింగులను అదిమి పట్టే ఇనుప పట్టీ మా ఇంట్లో మేకుకు వేలాడుతుంది. తుప్పు పట్టకుండా నెలకోసారి ఆయిల్ రాస్తాను. ఎర్ర మూతదే రాస్తాను.

ఆయన నన్ను ఆ సంగతి గురించి మళ్లీ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఒక్కసారి గట్టిగా తిట్టి ఉంటే నేను ఏడ్చి తేరుకునేదాన్ని. ఇప్పటికీ బండి చప్పుడు ఏదన్నా నిండుగా వినిపిస్తే గడప దాకా వస్తాను. గడప పక్కన మడిచి పెట్టిన ఆయన కుర్చీ వైపు చూస్తాను. పని గురించి రాయమన్నారు, నాకు గుర్తొచ్చే పని అదే: ఇద్దరం నిలబడి వినడం.

లక్ష్మీదేవి అత్త పోయిన ఏడు కాలం చేసింది. అది తెలిశాక నాకు చెప్పకపోవడానికి కారణం మిగల్లేదు. భయం ఒకటే మిగిలింది. దానితోనే ఇది రాశాను. రొద్దం నరసింహులు లారీ మొదటి బోరు పాడైంది ఆయిల్ వల్ల. ఆ ఆయిల్ పోసిన మనిషి తప్పు లేదు, నన్ను అడిగే పోసింది. తెలిసి కూడా ఊ అన్నది నేను. ఖాసిం మేస్త్రి చెయ్యి పోలేదు.

పొద్దున

నిన్న సాయంత్రం ఆ చివరి మాట దగ్గర ముగించాననుకున్నాను. పొద్దున లేచి పొయ్యి వెలిగిస్తుంటే అనిపించింది, ఐటీఐ పిల్లలకన్నా ముందు దీన్ని వినవలసినవాళ్లు రొద్దంలో ఉన్నారని. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని బస్టాండుకు పోయాను. రొద్దం అని బోర్డు చదివి ఎక్కాను. ఎవరినీ అడగలేదు.

నరసింహులు లారీ అమ్మేసి ట్రాక్టరు కొన్నాడు. నేను పోయేసరికి దాని కింద కూర్చుని ఏదో బిగిస్తున్నాడు. లక్ష్మీదేవి తల సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టి, "మస్తానక్కా, ఎన్నాళ్లకు," అని చెయ్యి పట్టుకుంది. అరుగు మీద పై భాగం కోసిన బంగారు రంగు డబ్బా ఉంది. రంగు సగం పోయింది. లోపల వేరుశనగ విత్తనం.

నోటితో చెప్పలేనని నాకు తెలుసు. కాగితాలు ఇచ్చాను. "చదువు లక్ష్మీ."

ఆమె నిలబడి చదవడం మొదలుపెట్టి, డబ్బాల దగ్గరికి వచ్చేసరికి కూర్చుంది. అద్దం దగ్గర ఆగింది. "నీకు చదవను రాదని నాకు తెలీదక్కా," అంది. తర్వాత, "మేస్త్రి నా కోసం అనిపించుకున్యాడా," అంది.

"ఇదో, ఇట్ల రా," అని మొగుణ్ణి పిలిచింది. కాగితాలు నాకు తిరిగి ఇచ్చింది. "ఇది నీ నోటితోనే ఇనల్ల. నువ్వే చదువక్కా."

చదివాను. నరసింహులు చేతిలో స్పానరుతో అలాగే నిలబడి విన్నాడు. అయ్యాక పెళ్లాం వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు.

"ఆ టీ అంగడికాడ పదిమందిలో అన్యది నేనే," అన్నాడు. "ఆడ చదువుతావా?"

ముగ్గురం పదిన్నర బస్సుకు పెనుకొండ వచ్చాం. టీ అంగడి అదే. ఎదురుగా మా షెడ్డు ఉన్న చోట ఇప్పుడు పంక్చరు అంగడి. బెంచీల మీద అయిదారుగురు డ్రైవర్లు, అందరూ కొత్త మొహాలు. నరసింహులు వాళ్ల ముందు నిలబడి, "రవ్వంతసేపు ఇనండప్పా. ఈడనే నిలబడి ఖాసిం మేస్త్రి చెయ్యి పొయ్యిందని నేను అంటి. ఈయమ్మ చదువుతాది, ఇనండి," అన్నాడు.

గ్లాసు చేతిలో పట్టుకున్న ఒక డ్రైవరు, "ఖాసిం మేస్త్రి ఎవురు?" అని అడిగాడు.

అద్దం సంగతి ఉన్న పేజీ తీసి పట్టుకుని ఉన్నాను. అది కిందికి పెట్టి వెనక్కి తిప్పాను. 'మా ఆయన ఖాసిం మేస్త్రి' అని ఉన్న చోటి నుంచి గట్టిగా చదివాను.